పళ్లెం అడుగున

ముప్పైయొక్క ఏళ్లు
తూనికలు కొలతల శాఖలో పనిచేశాను.
పూర్ణా మార్కెట్లో నేను అడుగు పెడితే
ఉల్లిపాయల వరస నుంచి ఎండుచేపల వరస దాకా
ఈల వేసినట్టు కబురు పాకేది.
నేను చేరేలోపు
కేజీ గుండు నిజంగా కేజీ అయిపోయేది.

మాటలు వినేవాణ్ణి కాదు.
ముందు పళ్లెం తిరగేసేవాణ్ణి.
అడుగున చింతపండు ముద్ద,
కొన్నిచోట్ల అయస్కాంతం,
ఒకసారి, ఒట్టు, నమిలి అంటించిన బబుల్‌గమ్.
మోసం వేలికి అంటుకునేది ఆ రోజుల్లో.
ఇంటికెళ్లి సబ్బుతో కడుక్కుంటే పోయేది.

ఇప్పుడు కంచరపాలెంలో
మా వీధి మలుపులో పైల నూకరత్నం కర్రీ పాయింటు.
నెత్తళ్ల పులుసు, పనసపొట్టు,
ఆదివారమైతే రొయ్యలూ మామిడికాయా.
మొన్న సోమవారం ఢిల్లీ నుంచి వచ్చిన కవరు పట్టుకుని
తడిచేత్తోనే వచ్చింది.
"ఏటి బాబూ ఇది, నానేటి తప్పు సేసినాను?"

తప్పు నీది కాదమ్మా.
ఆ యాప్ మీద విచారణట. నిన్ను సాక్ష్యం అడుగుతున్నారు.
ముప్పై ఎనిమిది ప్రశ్నలు.
నేను చదివి చెప్తాను, నువ్వు చెప్పు, నేను రాస్తాను.

ఒకటో ప్రశ్న:
మీ దృష్టిలో సంబంధిత మార్కెట్ ఏది?
ఆమె గుక్క తిప్పుకోలేదు.
"పూర్ణా మార్కెట్టే. సేపలకైతే జెట్టీ."
పెన్ను ఎత్తాను, దించాను,
అలాగే రాశాను.

ఏడు: జాబితాలో మీ స్థానం మారిందా?
"శ్రావణం దాకా పైనుండేదాన్ని.
తరవాత ఆళ్లే మధురవాడలో ఓ వంటిల్లు ఎట్టినారు.
పేరు అమ్మమ్మ పులుసు.
అమ్మమ్మా లేదు, అప్పమ్మా లేదు,
నలుగురు కుర్రోళ్లు, ఓ ఫ్రీజరు.
ఆ దినం నుంచీ నా పేరు దొరకాలంటే
బొటనేలు అరిగేదాకా కిందకి తొయ్యాలి."

నా అమ్మకాలు చూసే నా పక్కన అంగడి పెట్టాడా?
అది నా ప్రశ్న. కాగితంలో పద్నాలుగోది,
నాకంటే మర్యాదగా అడిగారు.

పదకొండు: వేరేచోట తక్కువకి అమ్మే స్వేచ్ఛ ఉందా?
"నా గుమ్మంలో నిలబడ్డ ఆటో అప్పలకొండకి
పది రూపాయలు తగ్గించినానని
ఫోను సేసి కేకలేసినారు.
నా గిన్ని, నా గరిటి, నా గుమ్మం."
వ్యాకరణం దిద్దలేదు.
గిన్ని అనే రాశాను. గరిటి అనే రాశాను.

మరి ఆ షరతుకి సంతకం ఎందుకు పెట్టావంటే
"ఎట్టకపోతే ఎక్కడికెల్తాను బాబూ,
సముద్రంలో ఎట్టుకోవాల కొట్టు."

ఇరవై రెండు దాటేసరికి హార్బరు కూత వినిపించింది.
కలం నాది వేడెక్కింది.
యాప్ వల్ల మాకు నష్టమే తప్ప, అని
ఒక వాక్యం సొంతంగా మొదలెట్టాను.
ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది.

"అలా కాదు. మొదటేడు దానివల్లే ఫ్రిజ్జు కొన్నాను.
ఎం.వీ.పీ. కాలనీలో నా పులుసు తిన్నారంటే దానివల్లే.
అదీ రాయండి.
రాయకపోతే మనమూ
పళ్లెం కింద సింతపండు ఎట్టినట్టే."

కొట్టేసి, మళ్లీ రాశాను.

రాత్రి నిద్ర పట్టలేదు.
ఆమె మరిచిపోయిన ఫోన్ బల్ల మీద వెలుగుతోంది.
తిరగేశాను.
వెనక నూకాలమ్మ బొమ్మ, ఒక పగులు,
పసుపు వేలిముద్ర.
అంతే.
మేము గుండు అడుగున సీసం పోసి
ఏడాది అక్షరం కొట్టేవాళ్లం.
దీనికి ఎక్కడ కొడతారు?
గంటకోసారి బరువు మార్చుకునే గుండుకి
ఏ అక్షరం ఆనుతుంది?
వాళ్ల వకీళ్లు వాయిదాల మీద వాయిదా అడుగుతారు,
ఈలోగా ఈవిడ శనగపిండి అప్పు వాయిదా అడగదు.

అయినా పొద్దున్నే
ఇద్దరం పోస్టాఫీసుకి వెళ్లాం, రిజిస్టర్డ్ చేయడానికి.
కవరు కాంటా మీద పెట్టారు.
నూట నాలుగు గ్రాములు.
నా నడుము తనంతట తానే వంగింది,
పళ్లెం అడుక్కి.

కౌంటర్లో కుర్రాడు అద్దంలోంచి తొంగి చూశాడు:
"ఏమైనా పడిపోయిందా సార్?"